వాయిదా వేసుకునే స్తోమత ఎవరికుంది?

న్యాయ కళాశాలలో సీటు వచ్చింది. కానీ అది కోరుకున్న కళాశాల కాదు. లేదా కోరుకున్నదే, ఫీజుకు డబ్బు లేదు. చేరిపోవాలా, ఈ ఏడు వదిలేసి వచ్చే ఏడు మళ్లీ ప్రయత్నించాలా? క్లాట్, లాసెట్ ఫలితాలు వెలువడే రోజుల్లో దళిత, బహుజన విద్యార్థుల నుంచి నేను తరచుగా వినే ప్రశ్న ఇది. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పేవారిని నేను నమ్మను. అయితే ఇలాంటి చిక్కునే దాటివచ్చిన ఒక జీవితం మన ముందు ఉంది. అంబేడ్కర్‌ను రాజ్యాంగ శిల్పిగా తలచుకుంటాం. న్యాయవిద్య మధ్యలో ఆగిపోయి, మూడేళ్లకు మళ్లీ అందుకున్న విద్యార్థిగా ఆయనను తలచుకోవడం అరుదు.

బరోడా సంస్థానం నెలకు 11.50 పౌండ్ల చొప్పున ఇచ్చిన ఉపకార వేతనంతో ఆయన 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1916లో లండన్ చేరి, ఆర్థికశాస్త్రం కోసం లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోను, బారిస్టర్ చదువు కోసం గ్రేస్ ఇన్‌లోను ప్రవేశం పొందారు. ఏడాది తిరగకుండానే బరోడా ఇచ్చిన గడువు ముగిసింది. చేతిలో సీటు ఉంది, చదవగల శక్తి ఉంది, లేనిది డబ్బు ఒక్కటే. కలిగిన ఇంటి బిడ్డ అయితే తండ్రికి ఉత్తరం రాసి అక్కడే ఉండిపోయేవాడు. సుబేదారుగా పనిచేసిన ఆయన తండ్రి 1913లోనే కన్నుమూశారు. 1917లో అంబేడ్కర్ తిరుగు ప్రయాణమయ్యారు. వచ్చే ముందు మాత్రం ఒక పని చేశారు. నాలుగేళ్ల లోపు తిరిగి వచ్చి చదువు కొనసాగించేందుకు లండన్ విశ్వవిద్యాలయం నుంచి అనుమతి తీసుకున్నారు. ఆ వాయిదాకు ఒక గడువు ఉంది, ఒక హామీ ఉంది. నా దృష్టిలో ఈ కథకు ఇదే కీలకం.

ఒప్పందం ప్రకారం బరోడాలో కొలువుకు చేరితే ఆయన ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో తలదాచుకుంటే, కులం తెలిసిన మనుషులు కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. కార్యాలయంలో బంట్రోతులు సైతం కాగితాలను చేతికివ్వకుండా బల్లమీద విసిరేవారు. కొలంబియా పట్టా ఆ అంటును చెరపలేకపోయింది. కొద్ది నెలలకే ఆయన బొంబాయి తిరిగి వచ్చారు. పెట్టుబడుల విషయంలో సలహాలిచ్చే వ్యాపారం మొదలుపెడితే, ఆయన అంటరానివాడని తెలిసి వచ్చేవారు రావడం మానుకున్నారు.

1918 నవంబరులో సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్య పదవి దొరికింది. 1920 వరకు పాఠాలు చెప్పి, పొదుపుగా బతికి, కొంత కూడబెట్టారు. కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజ్ సాయం చేశారు. కొలంబియా నాటి మిత్రుడు నావల్ భథేనా అప్పు ఇచ్చారు. ఆయనా పార్సీయే. ఆ సత్రం, ఈ స్నేహం రెండూ ఒకే సమాజం నుంచి వచ్చాయి. రమాబాయి బొంబాయిలో ఇబ్బందులతోనే సంసారం నెట్టుకొచ్చారు. ఆయన వాయిదాకు వడ్డీ కట్టినవారిలో ఆమెను మొదట లెక్కించాలి.

గడువు దాటకముందే, 1920లో, అంబేడ్కర్ మళ్లీ లండన్ చేరారు. 1921లో ఎమ్మెస్సీ పూర్తయింది. 1922 జూన్ 28న బారిస్టర్ అయ్యారు. 1923లో డీఎస్సీ పట్టా వచ్చింది. అదే ఏడు బొంబాయిలో న్యాయవాద వృత్తి మొదలుపెట్టారు. ఆ చదువు ఎందుకు పనికొచ్చిందో మహాడ్ చెప్పింది. 1927లో చవదార్ చెరువు నీటిని తాకినందుకు అగ్రవర్ణాలు కోర్టుకెక్కితే, ఆ వ్యాజ్యం 1937లో బొంబాయి హైకోర్టు తీర్పుతో దళితుల పక్షాన ముగిసింది. వీధిలో గెలిచిన హక్కును న్యాయస్థానంలో నిలబెట్టడానికి పదేళ్లు పట్టింది.

ఈ జీవితం నుంచి ఓపిక పట్టమనే నీతిని తీయడం సులువు. ఆ పని నేను చేయను. ఆయన ఆగింది ఇష్టంతో కాదు, గత్యంతరం లేక. ఆగినా నిలబడగలిగారంటే తిరిగి వచ్చే హక్కు, సొంత సంపాదన, చేయూతనిచ్చే మనుషులు, ఈ మూడూ ఉండబట్టే. వచ్చే ఏడాది చూద్దామనుకునే విద్యార్థి ఈ మూడింటినీ లెక్క వేసుకోవాలి. ఈ ఏటి సీటు వచ్చే ఏటికి నిలుస్తుందా? ఆ ఏడాది ఇల్లు ఎలా గడుస్తుంది? చదువు ఆగితే పట్టించుకునేవారు ఎవరు? వీటికి జవాబులు ఉంటే ఆగడం ఒక వ్యూహం. లేకపోతే పేదింటి బిడ్డకు దొరికిన సీటును పట్టుకోవడమే వివేకం. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఈ లెక్కంతా విద్యార్థి తలమీదే వేయడం మాత్రం అన్యాయం. డబ్బు లేక చేరలేని విద్యార్థికి ఏడాదిపాటు సీటు నిలిపి ఉంచే నిబంధనను న్యాయ విశ్వవిద్యాలయాలు ఎందుకు తేకూడదు? ఫీజు రీయింబర్స్‌మెంటును ప్రభుత్వాలు వేళకు ఎందుకు చెల్లించకూడదు? శాహూ మహారాజ్ లాంటి పాలకుడు, భథేనా లాంటి మిత్రుడు అందరికీ దొరకరు. అదృష్టం కొద్దీ దొరికిన సాయాన్ని హక్కుగా మార్చడానికే మనం రాజ్యాంగం రాసుకున్నాం.