రోజుకి రూపాయి ఇచ్చిన డ్రిల్లు మాస్టారు

మాది చల్లపల్లి దగ్గర ఒక పల్లె. చదివింది గవర్నమెంటు హైస్కూల్లో. తొమ్మిదో తరగతిలో మా కబడ్డీ జట్టులో ఒక కూతగాడుండేవాడు. ముగ్గురు మీద పడ్డా ఈడ్చుకుంటూ వచ్చి గీత ముట్టుకునే రకం. వేసవి సెలవులు అయ్యేసరికి వాడు మా బెంచీలో లేడు. ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు ఫీజు లేకుండా సీటిచ్చి, హాస్టల్లో పెట్టి తీసుకెళ్లారు. ఆ ఏడు మండలం పోటీల్లో వాడు మా మీదకే కూతకొచ్చాడు. ఓడిపోయాం.

వాడి మీద నాకు కోపం లేదు. అప్పుడూ లేదు. వాళ్ల నాన్న కౌలు రైతు. ఆ సీటు నాకిచ్చినా నేనూ వెళ్లేవాణ్ణే. కానీ వాడికి కూత నేర్పింది మా గ్రౌండు, మా సారు. కప్పు వేరే బడి అద్దాల బీరువాలోకి పోయింది. ఇది న్యాయమేనా అని అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నా.

2024లో మైదాన్ అని హిందీ సినిమా వచ్చింది, అజయ్ దేవగణ్‌ది. మనోళ్లు చాలామంది ఫోన్లోనే చూసుంటారు. అది మన హైదరాబాదు మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం కథ. సినిమాలో ఫుట్‌బాల్ కోచ్‌ని చూశాం. నాకు మాత్రం ఆయన మొదట బడి పంతులు అన్నదే ముఖ్యం అనిపించింది. అందుకే ఆయన గురించి నాలుగు మాటలు చెప్తా.

రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు, అక్కడి జట్టుకి ఆడారు. తర్వాత టీచరు ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇలా బడులు మారుతూ పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బడుల్లో పిల్లల ఆటలు ఆయనే చూసుకున్నారు. అంటే మన భాషలో డ్రిల్లు మాస్టారు. బళ్లో బెల్లు కొట్టాక ఇంటికెళ్లి పడుకోకుండా గ్రౌండుకెళ్లిన మాస్టారు.

1940ల్లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. తర్వాత హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకి కోచ్. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. డబ్బు అక్కడే, పెద్ద క్లబ్బులు అక్కడే, పేపర్లో పేర్లు కూడా వాళ్లవే. అలాంటి రోజుల్లో ఈ పోలీసు జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలుచుకొచ్చింది. ఒక్కసారి కాదు, 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు.

ఆయన చేసిన ఒక పని నాకు భలే నచ్చింది. కుర్రాళ్లకి వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని ఎవడూ కాలి దగ్గర పెట్టుకుని ఉరకకూడదు, వచ్చింది వచ్చినట్టు పక్కవాడికి అందించాలి. ఇంకో పోటీలో చేతకాని కాలితోనే తన్నాలి, కుడికాలి వాటం వాడైతే ఎడమకాలితో అన్నమాట. ఆలోచించండి. ఆ నిబంధన పెట్టగానే జట్టులో హీరో కూడా మామూలు పిల్లాడైపోతాడు. వెనకాల నిలబడేవాడికి కూడా బంతి అందుతుంది. ఒక్కడి బలం మీద గెలవడం కుదరదు, అందరూ నేర్చుకోవాల్సిందే.

ఇంకో సంగతి తులసీదాస్ బలరాం గురించి. సికింద్రాబాదు అవతల అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన కుర్రాడు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్ల తోలుతో కుట్టించుకున్న బూట్లేసుకుని ఆట నేర్చుకున్నాడు. రహీం కంట్లో పడ్డాడు. ప్రాక్టీసుకి రమ్మన్నారు. అక్కణ్ణుంచి గ్రౌండు మైళ్ల దూరం, రావడానికి డబ్బుల్లేవు. అప్పుడు రహీం అద్దె సైకిలు కోసం రోజుకి ఒక రూపాయి ఇచ్చేవారు. ఆ కుర్రాడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు. 1960లో రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోళ్లు కొట్టాడు.

ఆ రూపాయి లేకపోతే? బలరాం ఓడిపోయేవాడు కాదు, అసలు ఆడేవాడే కాదు. ఓడిపోయినవాడి పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది. గ్రౌండు దాకా రాలేనివాడి పేరు ఏ లెక్కలోనూ ఉండదు.

దేశం జట్టు రహీం చేతికొచ్చాక 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ని ఒక గోలుతో ఓడించి బంగారు పతకం తెచ్చారు. మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్‌లో మనోళ్లు కొందరు ఉత్త కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. ఆయన అక్కడే ఆగిపోలేదు. 1956లో ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి చేరారు, నాలుగో స్థానం వచ్చింది. 1962లో జకార్తా. అప్పటికే ఆయనకి క్యాన్సర్. ఫైనల్లో దక్షిణ కొరియా. జర్నైల్ సింగ్ తలకి కుట్లతోనే ఆడాడు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టి 2-1తో గెలిచారు. 1963 జూన్‌లో రహీం పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకి ఆ తర్వాత ఇంతవరకూ బంగారం రాలేదు. ఉన్న రెండూ ఆ పంతులుగారు తెచ్చినవే.

ఇప్పుడు మన ఊరికొద్దాం. ప్రైవేటు, గవర్నమెంటు బడుల మధ్య పోటీ అనగానే మనోళ్లు రెండు మాటలంటారు. వాళ్లని వేరేగా ఆడించాలని కొందరు, దమ్ముంటే గెలవండని కొందరు. నాకు రెండూ నచ్చవు. ప్రైవేటులో చదివే పిల్లలంతా కలిగినోళ్లు కాదు. సెంటర్లో అంతస్తుల బిల్డింగులో బడి ఉంటుంది, ఆడుకోడానికి మెట్లు తప్ప ఏమీ ఉండదు. మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో గ్రౌండుంటుంది, కొన్నిచోట్ల సారుండడు, సారుంటే బంతి ఉండదు. బస్సులో ట్రాక్‌సూట్లేసుకుని దిగే జట్టు చాలా కొద్ది బడులకే ఉంటుంది. వాళ్లకి సారు, గ్రౌండు, తిండి అన్నీ ఉంటాయి. మిగతా పిల్లలు, ఆ బడైనా ఈ బడైనా, ఒకే గట్టున ఉన్నారు.

2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. గవర్నమెంటు బడైనా ప్రైవేటు బడైనా అదే రూలు. కాబట్టి మనం అడగాల్సింది కొత్తదేం కాదు. గ్రౌండు చూపించని బడికి అనుమతి ఎలా వచ్చిందని అడగాలి. హైస్కూలుకి పీఈటీ పోస్టు ఖాళీగా ఉంటే ఎన్నాళ్లని అడగాలి. నన్నడిగితే ఇంకోటి కూడా. పోటీల ముందు బడి మారిన పిల్లాడు ఆ ఏడు ఆడితే, నేర్పిన పాత బడి పేరు కూడా పక్కన రాయాలి. పిల్లాణ్ణి ఆపొద్దు, ఆపితే నష్టపోయేది వాడే. నేర్పిన సారు పేరు పోకుండా చూస్తే చాలు.

మా కూతగాడి సంగతి చెప్పలేదు కదా. పదో తరగతిలో మోకాలు పోయింది. ఆడలేనివాడికి ఉచిత సీటు ఎందుకనుకున్నారో ఏమో, మరుసటేడు ఫీజు కట్టమన్నారు. కట్టలేక మానేశాడు. ఇప్పుడు వరి కోత మిషను నడుపుతాడు. పని లేని సాయంత్రాలు మా పాత గ్రౌండులో పిల్లలకి కూత నేర్పుతాడు. ఆ పిల్లల్లో ఇద్దరు కాలవ చివరి ఊళ్ల నుంచి వస్తారు. ఆఖరి బస్సు తప్పితే ఆటోకి డబ్బులు కావాలి. మేం నలుగురం తలా కొంచెం వేసుకుని ఇస్తున్నాం.

రహీం గారి రూపాయి గుర్తొచ్చే ఇస్తున్నాం. కానీ ఒక మంచి మాస్టారు జేబులో రూపాయి ఉంటేనే బలరాం ఆడాలంటే, అలాంటి మాస్టారు లేని ఊరి పిల్లాడి గతేంటి? ఆ ఆటో డబ్బులు బడి ఖర్చులో ఉండాలి, మా జేబులో కాదు. ఈసారి మీ ఊరి బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టినప్పుడు మీరూ వెళ్లండి. మార్కుల గురించి అందరూ అడుగుతారు. మీరు గ్రౌండు గురించి అడగండి.