ప్రధాన సంఖ్యల గుట్టు పట్టిన ఇబ్నుల్ హైసమ్

కంటిచూపును, వెలుగును గూర్చి కితాబుల్ మనాజిర్ అనే ఏడు భాగాల గ్రంథం వ్రాసిన పండితుడుగా ఇబ్నుల్ హైసమ్ పేరు లోకమంతా ఎరుగును. కాని లెక్కల్లో ఆయన చేసిన పని మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

ఆయన సుమారు క్రీ.శ. 965లో ఇరాక్‌లోని బస్రాలో జన్మించారు. నైలు నది నీటిని అదుపు చేసే ఉపాయం తనకు తెలుసునని ఆయన అన్న మాట ఈజిప్టు ఖలీఫా అల్ హాకిమ్ చెవిన పడింది. ఖలీఫా పిలిపించి, పనివాళ్లను ఇచ్చి పంపాడు. తీరా అస్వాన్ దాకా పోయి చూస్తే అది అప్పటి సాధనాలతో అయ్యే పని కాదని తేలిపోయింది. మాచర్ల పక్కనే నాగార్జునసాగర్‌ను చూసిన మనకు నదికి అడ్డుకట్ట వేయడమంటే ఎంత పనో వేరే చెప్పనక్కరలేదు. ఖలీఫా కోపానికి వెరచి పిచ్చివానిలా నటించి, 1021లో ఆ ఖలీఫా కనుమరుగయ్యే వరకు ఇల్లు కదలకుండా ఉన్నారని పూర్వ చరిత్రకారులు వ్రాశారు. తరువాత కైరోలో అల్ అజ్హర్ మస్జిద్ వద్ద నివసిస్తూ, యూక్లిడ్ మొదలైనవారి గ్రంథాలకు నకళ్లు వ్రాసి, వచ్చిన 150 దీనార్లతో ఏడాది గడుపుకొనేవారట.

ఇక లెక్క సంగతి. ఒకటితోను, తనతోను తప్ప మరి దేనితోను నిశ్శేషంగా పోనిది ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7 అలాంటివి. 2 మొదలు 6 వరకు దేనితో భాగించినా 1 మిగలాలి, 7తో మాత్రం నిశ్శేషంగా పోవాలి, అదేది? ఇదీ ఆయన పట్టిన లెక్క. 301 కూడా సరిపోతుంది గాని, ఆయన చూపిన దారి వేరు. 1 నుండి 6 వరకు వరుసగా గుణిస్తే 720. ఒకటి కలిపితే 721. అది 7తో సరిగ్గా 103 సార్లు పోతుంది. 7 బదులు ఏ ప్రధాన సంఖ్యను తీసుకొన్నా ఇదే చెల్లుతుంది. 6కు చెల్లదు: 120కి ఒకటి కలిపితే 121, అది 6తో పోదు. 1770లో ఇంగ్లండులో విల్సన్ పేరుతో అచ్చయిన సూత్రం ఇదే. మరుసటి ఏడు లగ్రాంజ్ దానికి రుజువు ఇచ్చారు.

మరొకటి. 6ను నిశ్శేషంగా భాగించే 1, 2, 3లను కలిపితే మళ్లీ 6 వస్తుంది. 28 కూడా అంతే. ఇవి పరిపూర్ణ సంఖ్యలు. మూడు రెళ్లను గుణిస్తే 8, ఒకటి తీస్తే 7, అది ప్రధాన సంఖ్య. దానిని 4తో గుణిస్తే 28. ఈ దారి యూక్లిడ్ చూపాడు. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఈ దారినే వస్తాయని నిరూపించడానికి పూనుకొన్నవారు ఇబ్నుల్ హైసమ్. ఆయన చేతిలో అది పూర్తికాలేదు. 18వ శతాబ్దంలో ఆయిలర్ పూర్తిచేశారు. 2024లో కంప్యూటర్ల సాయంతో దొరికిన 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్య కూడా ఈ కోవలోదే. 13,62,79,841 రెళ్లను గుణించి ఒకటి తీసివేస్తే అది వస్తుంది!

సుమారు 1040లో ఆయన కైరోలో పరమపదించారు. నది లెక్క తప్పినా చదువు మానలేదు, నకళ్లు వ్రాసి బ్రతికినా ఆలోచన మానలేదు. లెక్కలు మనకు రావులే అని పదో తరగతితోనే పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, మాన్పించే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. నరసరావుపేట గాని, గురజాల గాని, పలక మీద 721 వేసి చూపించడానికి పైసా ఖర్చు లేదు. అల్లాహ్ మన బిడ్డలకు ఇల్మ్ ప్రసాదించుగాక. ఆమీన్.