నర్తకులకు ఇండ్లు కట్టించిన సేనాని

గుంటూరు నుండి పొన్నూరు పోవు త్రోవలో చేబ్రోలు కలదు. పూర్వనామము తామ్రపురి. ఏనుగుల దండుకు అధిపతియైన ఒక వీరుడు నాట్యశాస్త్రము వ్రాసెనన్న వింత ఈ ఊరితో ముడివడి యున్నది. అతడే జాయసేనాని.

జాయపది కృష్ణానది సాగరమును కలియు దివిసీమ. కాకతి గణపతిదేవుడు ఆ సీమను వశపరచుకొని, జాయప తోబుట్టువులైన నారమ, పేరమలను పెండ్లాడి, అతనిని తన కొలువునకు తీసికొనిపోయెను. ఓడిన యింటి బిడ్డను కనుచూపు మేరలో ఉంచుకొనుట రాజులకు క్రొత్త గాదు. కాని గణపతిదేవుడు అతనికి గుండామాత్యుని వద్ద నాట్యవిద్య నేర్పించెను. పిదప గజసాహిణి పదవి నొసగెను.

1213లో జాయప చేబ్రోలున తండ్రి పేర చోడేశ్వరాలయము నిర్మించి శాసనము వేయించెను. ఆ ఆలయమున ఆడుపాడు సానులకు నివాసగృహములు కట్టించినట్లు అందు కలదు. దేవునికి గుడి కట్టినవారు మన దేశమున కొల్లలు. ఆ గుడిలో ఆడు స్త్రీ ఎక్కడ తల దాచుకొనునని తలచినవారు అరుదు. ఆయన జీవితమున మమ్ము అన్నిటికన్న ఎక్కువగా ఆకర్షించినది ఇదియే.

నృత్తరత్నావళి పూర్తియగునప్పటికి 1253–54 వచ్చినది. శాసనమునకు, గ్రంథమునకు నడుమ నలువది యేండ్లు! ఎనిమిది అధ్యాయములలో మొదటి నాలుగు భరతుని మార్గపద్ధతికి, తక్కినవి దేశి నృత్తములకు కేటాయించెను. పేరణి, ప్రేంఖణము, రాసకము, చర్చరి, కడకు మన పల్లెల కోలాటము సైతము అందు చోటు చేసికొన్నవి. భాష సంస్కృతమే యైనను, దేశి భాగమున కానవచ్చునది జనుల ఆట. అది కేవలము గ్రంథపాండిత్యమున అబ్బునది కాదనియు, ఆడువారి అడుగులను ఏండ్ల తరబడి చూచినవానికే సాధ్యమనియు మా అభిప్రాయము.

అయినను ఆ గ్రంథము ఆయన పేరనే నిలిచినది. హైదరాబాదున 1824లో మరణించిన మహ్ లఖా బాయి చందా, నర్తకియై యుండియు తన ఉర్దూ దీవానుతో స్వనామమును నిలుపుకొన్నది. చేబ్రోలు సానులకు ఆ భాగ్యము దక్కలేదు. 1947 నాటి మద్రాసు చట్టము బాలికలను దేవునికి అర్పించుటను నిషేధించినది. అది న్యాయమే. కాని ఆ యిండ్ల విద్యకు అటుపిమ్మట దిక్కెవ్వరని ఆనాడు అడిగినవారు కొద్దిమందియే.

1965లో డాక్టర్ వి. రాఘవన్ పరిష్కరించిన మూలము మద్రాసున వెలువడినది. 1969లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి తెలుగు అనువాదము వచ్చినది. సంస్కృతము రాని విద్యార్థులు ఈ అనువాదమున కోలాటము గల చోటు ముందుగా తెరచి చూచిన, తమ ఊరి ఆటను తామే గుర్తుపట్టగలరు.