గుడ్డులోని ఆకాశము

తల్లి యొడి నెఱుగని బిడ్డ పెరిగి పెద్దదై, తన జాతి బిడ్డలకు జోలపాటలు కూర్చుట లోకమున అరుదు. వియత్నాము కవయిత్రి స్వాన్ క్విన్ జీవితకథ అట్టిది.

ఆమె 1942 అక్టోబరు 6వ తేదీన, హనోయి నగర సమీపమున పట్టునేతకు పేరుగాంచిన లా ఖే గ్రామమున జన్మించెను. పసితనముననే తల్లి గతించెను. తండ్రి తఱచు దూరప్రాంతములందే యుండెడివాడు. అక్కచెల్లెండ్ర నిరువురను నాయనమ్మ పెంచెను. 1945 నాటి ఘోరమైన కఱవు ఉత్తర వియత్నామున లక్షల ప్రాణములను బలిగొన్నప్పుడు ఆమెకు మూడేండ్లు నిండలేదు. మఱుసటి సంవత్సరమే ఫ్రెంచివారితో మహాయుద్ధము మొదలయ్యెను. అది 1954లో ముగియునాటికి ఆమెకు పదునొకండేండ్లు. ఆమె యెఱిగిన బాల్యమంతయు నదియే.

హనోయి కమ్యూనిస్టు ప్రభుత్వము వశమైన పిమ్మట, 1955లో, పదమూడవ యేట ఆమెను ప్రభుత్వ నృత్యగాన బృందమునకు ఎంపిక చేసిరి. పల్లెపిల్ల నర్తకి యయ్యెను. 1959లో వియన్నా నగరమున జరిగిన ప్రపంచ యువజనోత్సవమునకు సయితము వెళ్లెను. కాని ఆమె మనస్సు కవిత్వముపై నిలిచెను. 1963లో వేఱొక కవయిత్రితో కలసి తొలి సంపుటిని వెలువరించెను.

1965 మొదలుకొని అమెరికా విమానములు ఉత్తర వియత్నాముపై ఎడతెగక బాంబులు కురిపించెను. హనోయి పిల్లలను తల్లిదండ్రులకు దూరముగా పల్లెలకు తరలించిరి. కవిత్వము సమరమునకు ఊతము కావలెనని ప్రభుత్వము కోరిన కాలమది. స్వాన్ క్విన్ ఆ కోరికను త్రోసిపుచ్చలేదు. అయితే యుద్ధమును ఇంటి గడపనుండి చూచెను. 1968 నాటి సంపుటిలోని మధ్యాహ్నపు కోడికూత కవితయే ఇందుకు నిదర్శనము. నడచి నడచి అలసిన సైనికుడొకడు పల్లెలో గుడ్డు పెట్టిన కోడి కూత వినును. నాయనమ్మ గుర్తునకు వచ్చును. గుడ్లను ఒక్కొక్కటిగ పోగుచేసి పొదిగించుటయు, మంచునకు కోళ్లు చచ్చునేమోయని బెంగపడుటయు, వానిని అమ్మి మనుమనికి పండుగబట్టలు కొనుటయు కన్నులకు కట్టును. దేశము కొఱకు పోరాడువాడు ఆ గుడ్ల గూటి కొఱకును పోరాడుచున్నాడు. జయఘోషలు మిన్నుముట్టిన రోజులలో ఆమె దేశభక్తిని ఒక కోడిగూటిలో నిలిపెను.

అదే సంపుటిలో, 1967 చివర సముద్రతీరమున వ్రాసిన అలల కవిత కలదు. అది స్త్రీ హృదయమందలి ప్రేమను గూర్చినది. సమష్టిగీతముల నడుమ ఆ ఏకాంతస్వరము పాఠకులకు ప్రియమయ్యెను.

1973లో నాటకకర్త లూ క్వాంగ్ వూను వివాహమాడెను. ఇరువురకును ఇది రెండవ వివాహము. మునుపటి బిడ్డలతోడను, తమకు కలిగిన కుమారునితోడను, ఇఱుకు గదిలో, రేషను దినములలో ఆ సంసారము సాగెను. అందుండియే 1982లో గుడ్డులోని ఆకాశమను పేరుగల బాలకవితా సంపుటి వెలువడెను. పెంకు పగులకముందు తానెఱిగిన లోకమును గూర్చి కోడిపిల్ల అందు ముచ్చటించును. నాయనమ్మ గూటిలోని గుడ్డే ఇక్కడ మరల కనిపించును.

1988 ఆగస్టు 29న హాయ్ జువాంగ్ వద్ద జరిగిన మోటారు ప్రమాదములో ఆమెయు, భర్తయు, ఆ కుమారుడును ఒక్కమారుగ మరణించిరి. ఆమెకు నలువదియైదేండ్లు. 2017లో ప్రభుత్వము హోచిమిన్ పురస్కారము నిచ్చి గౌరవించెను. అంతకుమునుపే ఆ కోడికూత తరతరముల బడిపిల్లల నోట నిలిచియుండెను.