జేమ్సు ప్రిన్సెపు

చేతిలోని రూపాయి తూకమునకు సరిపోవునా యని నేడు మనలో నెవరును సంశయింపరు. అంగడివాడు దానిని లెక్కించి పెట్టెలో వేసికొనును గాని త్రాసున వేయడు. రెండువందల యేండ్లకు పూర్వ మిట్లుండలేదు. సీమకొక రూపాయి చెల్లుచుండెను. ఒకచోటి నాణెమును వేరొకచోట మార్చుకొనవలెనన్న, సరాబు దానిని తూచి, వన్నె చూచి, వట్టము పట్టుకొని మిగిలినది యిచ్చుచుండెను. కూలివాని కష్టార్జితములో కొంత యిట్లు హరించిపోవుచుండెను. ఈ చిక్కును తొలగించుటకు పాటుపడినవారిలో జేమ్సు ప్రిన్సెపు ముఖ్యుడు. అశోకుని శాసనములను చదివిన పండితుడుగా నాతని నెరిగినవారు పలువురు. నాణెములను పరీక్షించుట యాతని జీవనోపాధి యని యెరిగినవారు కొందరే.

ప్రిన్సెపు 1799వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీని జన్మించెను. బాల్యమునుండియు చిత్తరువులు వ్రాయుటయందును, యంత్రములు కల్పించుటయందును నేర్పరి. గృహనిర్మాణశిల్పము నభ్యసింప నారంభించెను గాని, కన్నులకు జబ్బుచేసి యా విద్య మానవలసివచ్చెను. పిదప రసాయనశాస్త్రమును, లండను టంకసాలలో లోహపరీక్షను నేర్చుకొని, 1819 సెప్టెంబరులో కలకత్తా చేరెను. మరుసటియేడే కాశీ టంకసాలకు పరీక్షాధికారియై, 1830 వరకు నచ్చటనే పనిచేసెను.

ఆ యుద్యోగము మిక్కిలి మెలకువతో కూడినది. నాణెమునుండి చిన్న తునకను ఖండించి, తూచి, సీసముతో చేర్చి, ఎముకల బూడిదతో చేసిన గుంటపాత్రలో నుంచి కొలిమిలో కాచుదురు. సీసమును, కల్తీ లోహములును బూడిదలోని కింకిపోవును. శుద్ధమైన వెండి పూసవలె నిలుచును. దానిని మరల తూచినచో తగ్గినంతయు కల్తీ యని తేలును. తునక చిన్నదగుటచే త్రాసు రవంత తప్పినను లక్షల రూపాయల వన్నె తప్పుగా నిర్ణయమగును.

నాణెపు బిళ్లల తూకము వేరొక పరీక్ష. తక్కువైన బిళ్ల మరల మూసకు పోవును. ఎక్కువైనది ఆకురాయి పాలగును. ఎక్కువ తూగిన నష్టమేమి యని తోచవచ్చును. బరువైన నాణెముల నేరి కరగించి లాభము గడించువా రెప్పుడు నుందురు. తేలికవియే బీదల చేతులలో మిగులును. ఇట్టి పనికి తగినట్లు ప్రిన్సెపు అత్యల్పభేదమునైనను చూపగల త్రాసు నొకదానిని కల్పించెను. బంగారము, వెండి, ప్లాటినము కలిపిన తునకలలో నేది కరగునో చూచి కొలిమి వేడిమిని కొలుచు పద్ధతిని గూడ కనిపెట్టి, 1828లో లండను రాయలు సొసైటీ సభ్యుడయ్యెను.

1832లో కలకత్తా టంకసాలకు ప్రధాన పరీక్షాధికారి యయ్యెను. అప్పుడు కలకత్తా సిక్కారూపాయి సుమారు 192 గ్రెయినులు తూగుచుండెను. మన తెలుగుసీమలో వరహాల లెక్క పోయి, 1818 నుండి 180 గ్రెయినుల మద్రాసు రూపాయి ప్రమాణమై యుండెను. తూకములు, నాణెములు అంతట నొకటిగా నుండవలెనని ప్రిన్సెపు గట్టిగా వాదించెను. 1833 శాసనముచే తులము 180 గ్రెయినులుగా నిర్ణయింపబడెను. 1835లో నదే తూకముతో, పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండిగల రూపాయి కంపెనీ రాజ్యమంతటికిని వచ్చెను. నాటినుండి రూపాయి యెత్తనినను తులమెత్తనినను నొకటే. ఇల్లాండ్రు సయితము రూపాయి బిళ్లను తూకపురాయిగా వాడుకొనిరి. ఆ తులము 11.66 గ్రాములు, నేటి బజారు తులము మాత్రము పది గ్రాములే.

టంకసాల పనివలన పురాతన నాణెములపై నాతనికి మక్కువ కలిగెను. ఒకప్రక్క గ్రీకు వ్రాతయు, రెండవప్రక్క తెలియని లిపియు గల నాణెముల సాయమున ఖరోష్ఠీ లిపిలో కొన్ని యక్షరములను గుర్తించెను. సాంచీ స్తూపముకడ చిన్న వ్రాతలు పెక్కింటి చివర నవే రెండక్షరము లుండుట చూచి, యవి దాతల వ్రాతలనియు, చివరిమాట దానమనియు 1837లో గ్రహించెను. ఆ తాళపుచెవితో బ్రాహ్మీలిపి తెరువబడెను. శాసనములలోని ప్రియదర్శి అశోకుడే యని సింహళమునందున్న జార్జి టర్నౌర్ పాలీగ్రంథములవలన నిరూపించెను. తరువాతి కాలమున మన కర్నూలు మండలములోని యెఱ్ఱగుడి శిలలపై బయల్పడిన అశోకశాసనములను చదువుటకును ఆ యక్షరజ్ఞానమే యాధారమయ్యెను.

పగలు టంకసాల, రాత్రి శాసనములు; శరీర మీ శ్రమకు తాళలేదు. తీవ్రమైన తలనొప్పులతో 1838లో స్వదేశమునకు ఓడ యెక్కెను. బుద్ధి క్రమముగా క్షీణించి, 1840 ఏప్రిలు 22వ తేదీని నలువదియేండ్ల ప్రాయమున లండనులో కన్నుమూసెను. హుగ్లీ తీరమున 1843లో నిర్మించిన ప్రిన్సెపు ఘట్ట మాతని పేరు నేటికిని నిలుపుచున్నది.

విద్యార్థులారా, రూపాయిలో రవంత కొరతయైనను పేదవానికి నష్టమని యెంచి తూచిన యీతడే రాతిమీది రెండక్షరములను గూడ విడువక పరిశీలించెను. చిన్నదిగదా యని మనము లెక్కచేయక విడుచు తప్పులను సరిచూచుకొనునప్పుడు ఈతని స్మరింతము గాక!