రాజు కాని కెప్టెన్ - సి.కె. నాయుడు

మన గ్రౌండ్ల ఒక రూలున్నది. బ్యాటు ఎవనిదైతే వాడే కెప్టెన్. వాడికి ఆట వచ్చినా రాకపోయినా మొదటి బ్యాటింగ్ వాడిదే. ఒకప్పుడు మన దేశం టీముకు కూడా ఇంచుమించు ఇదే రూలు ఉండేదంటే మీరు నమ్మరు. ఆ కాలంలో క్రికెట్‌కు ఖర్చు పెట్టేది రాజులు, కాబట్టి కెప్టెన్లు కూడా రాజులే. అట్లాంటి రోజుల్లో రాజు కాని ఒక మనిషి, అందులోనూ మన తెలుగువాడు, భారతదేశానికి మొట్టమొదటి టెస్టు కెప్టెన్ అయ్యారు. ఆయనే కల్నల్ కొఠారి కనకయ్య నాయుడు. అందరూ సి.కె. అంటారు.

నాయుడు గారు 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో జన్మించారు. కానీ వారి కుటుంబం మూలం మచిలీపట్నం. తాత గారు వకీలుగా నాగపూర్ వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. తండ్రి సూర్యప్రకాశరావు గారు ఇంగ్లాండ్‌లో కేంబ్రిడ్జిలో చదువుకున్నవారు. కనకయ్య చిన్నప్పటి నుంచే బ్యాటు పట్టాడు. ఆరడుగుల పైన ఎత్తు, సన్నగా, నిటారుగా ఉండేవారు.

అప్పుడు బొంబాయిలో జరిగే పెద్ద టోర్నమెంటులో టీములు మతాన్ని బట్టి ఉండేవి. హిందువులు ఒకటి, పార్సీలు ఒకటి, ముస్లింలు ఒకటి, తెల్లదొరలు ఒకటి. ఇది మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం. కానీ దేశంలో అప్పుడు అన్నిటికన్నా పెద్ద ఆట అదే. 1916లో నాయుడు గారు హిందువుల తరఫున దొరల మీద మొదటి మ్యాచ్ ఆడారు. ఆయన దిగేసరికి 79 పరుగులకే 7 వికెట్లు పోయి ఉన్నాయి. మూడు బంతులు ఊరికే ఆపారు. నాలుగో బంతికి సిక్సర్ కొట్టారు. పెద్ద ఆటల్లో ఆయన మొదటి స్కోరు అది!

1923లో ఇండోర్ మహారాజు హోల్కర్ ఆయనను పిలిపించుకుని తన సైన్యంలో అధికారిగా పెట్టుకున్నారు. ఉద్యోగం సైన్యంలో, అసలు పని క్రికెట్. కల్నల్ అనే పేరు అట్లా వచ్చిందే.

ఇక 1926. ఇంగ్లాండ్ నుంచి ఎం.సి.సి. అనే టీము వచ్చింది. బొంబాయి జింఖానా గ్రౌండులో వాళ్ల ఆటగాడు ఎర్ల్ 8 సిక్సర్లు కొట్టి 130 పరుగులు చేశాడు. మన జనం మొహాలు చిన్నబోయినయి. డిసెంబర్ 1న నాయుడు గారు దిగారు. 11 సిక్సర్లు! రెండు గంటలు కూడా పట్టలేదు, 153 పరుగులు అయిపోయినయి. ఒక ఇన్నింగ్స్‌లో అన్ని సిక్సర్లు అంతకు ముందు ప్రపంచంలో ఎవరూ కొట్టలేదు. ఆయన ఆడుతున్నాడని తెలిసి ఆఫీసులు వదిలి జనం గ్రౌండుకు ఉరికిండ్రంట. చెట్లు, మేడలు ఎక్కి చూసిండ్రంట. ఎం.సి.సి. వాళ్లు ఆయనకు వెండి బ్యాటు బహుమతిగా ఇచ్చారు. మనవాళ్లు కూడా టెస్టులు ఆడగలరన్న నమ్మకం దొరలకు కలిగింది ఆ పర్యటనతోనే.

అసలు కథ 1932 సీజన్‌ది. మన దేశం మొదటిసారి టెస్టు ఆడడానికి ఇంగ్లాండ్ పోవాలి. కెప్టెన్ ఎవరు? పోర్‌బందర్ మహారాజు. వైస్ కెప్టెన్ ఎవరు? లింబ్డీ రాజకుమారుడు. నాయుడు గారి ఆట అందరికీ తెలిసినా ఆయన రాజు కాడు గదా. ఏప్రిల్‌లో ఓడెక్కారు. పోర్‌బందర్ రాజుగారు పెద్ద మ్యాచుల్లో మొత్తం చేసినవి 2 పరుగులు. అయితే ఆయన మంచి మనిషి. తనకు ఆట రాదని ఒప్పుకుని తానే పక్కకు తప్పుకున్నాడు. అట్లా ఒప్పుకునే రాజులు ఎంతమంది ఉంటారు? లింబ్డీకి దెబ్బ తగిలింది. అప్పుడు కెప్టెన్సీ నాయుడు గారి దగ్గరికి వచ్చింది. టీములో కొందరికి ఇది నచ్చలేదు. రాజు కింద ఆడతాం గాని మనలాంటి వాడి కింద ఆడమా అని గునిసిండ్రు. పైగా నాయుడు గారు కూడా కొంచెం కటువు మనిషే. ప్రాక్టీసుకు ఆలస్యమైతే సహించేవారు కాదు. (మన పి.ఇ.టి. సార్‌కు ఈ వాక్యం నచ్చుతుంది.)

జూన్ 25న లండన్‌లోని లార్డ్స్ గ్రౌండులో మ్యాచ్ మొదలైంది. ఇంగ్లాండ్ ముందు బ్యాటింగ్. వాళ్ల ఓపెనర్లు సట్‌క్లిఫ్, హోమ్స్. పది రోజుల కిందటే ఈ ఇద్దరు ఒక కౌంటీ మ్యాచులో విడిపోకుండా 555 పరుగులు చేశారు. మన నిసార్ పరుగెత్తుకుంటూ వచ్చి ఇద్దరినీ క్లీన్ బౌల్డ్ చేశాడు. మలయా నుంచి వచ్చిన లాల్ సింగ్ మెరుపులాగ బంతి అందుకుని ఉల్లీని రనౌట్ చేశాడు. 19 పరుగులకు 3 వికెట్లు! పొద్దు పొద్దున్నే లండన్ జనం నోళ్లు తెరిచారు. కానీ జార్డిన్ నిలబడి 79 కొట్టాడు. 259కి ఆలౌట్ అయ్యారు. నిసార్‌కు 5 వికెట్లు.

ఫీల్డింగ్‌లో ఒక క్యాచ్ పట్టబోయి నాయుడు గారి చేతికి గట్టి దెబ్బ తగిలింది. ఆ చేత్తోనే బ్యాటింగ్‌కు వచ్చారు. 40 పరుగులు చేశారు. మన టీములో అదే పెద్ద స్కోరు. మొత్తం 189. రెండోసారి 346 కొట్టాల్సి ఉండగా 187కే అయిపోయారు. చివర్లో అమర్‌సింగ్ 51 కొట్టకపోతే ఇంకా తక్కువే. 158 పరుగులతో ఓడిపోయాము.

ఆ ఏడాది ఉన్నది ఆ ఒక్క టెస్టే. కానీ సీజన్ అయిపోలేదు. ఊరూరా తిరిగి కౌంటీల మీద ఆడుతూనే ఉన్నారు. సెప్టెంబర్ దాకా లెక్క వేస్తే పెద్ద మ్యాచుల్లో నాయుడు గారివి 1618 పరుగులు, 65 వికెట్లు. సిక్సర్లు 32. ఎడ్జ్‌బాస్టన్ గ్రౌండులో కొట్టిన ఒక సిక్సర్ పక్కనున్న రీ నది దాటి వేరే జిల్లాలో పడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. విజ్డెన్ అని ఇంగ్లాండ్‌లో క్రికెట్ పుస్తకం ఉన్నది. ఏటా అయిదుగురు మేటి ఆటగాళ్లను ఎంచుతుంది. 1933 పుస్తకంలో అయిదుగురిలో ఒకరు మన నాయుడు గారు.

1933-34లో ఇంగ్లాండ్ ఇక్కడికి వస్తే మళ్లీ ఆయనే కెప్టెన్. బొంబాయి టెస్టులో అమర్‌నాథ్ మన దేశం తరఫున మొదటి సెంచరీ కొట్టినప్పుడు అవతలి వైపు 67 పరుగులతో తోడు నిలిచింది ఆయనే. ఆ సిరీస్ మాత్రం 2-0తో పోయింది.

1936లో మళ్లీ పాత రూలే వచ్చింది. ఇంగ్లాండ్ పోయే టీముకు కెప్టెన్ విజయనగరం రాజకుమారుడు విజ్జీ. ఆయన కూడా తెలుగు పేరున్న రాజే, ఏం చెప్పాలె! మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. నాయుడు గారు ఆయన కింద మామూలు ఆటగాడిగా ఆడారు. ఓవల్‌లో ఆఖరి టెస్టు. అలెన్ వేసిన బంతి పొట్ట మీద గట్టిగా తగిలినా వెనక్కి జరగకుండా 81 పరుగులు చేశారు. నలభై ఏళ్ల వయసులో అది ఆయన చివరి టెస్టు. మొత్తం 7 టెస్టులు, 350 పరుగులు.

అదే 1936లో అటు జపాన్ దేశంలో జీతానికి ఆడే బేస్‌బాల్ లీగ్ మొదలైంది. అది కూడా కర్రతో బంతిని కొట్టే ఆటే. అక్కడ టీములు పెట్టింది వార్తాపత్రికలు, రైలు కంపెనీలు. పందొమ్మిదేళ్ల సవామురా అనే పిలగాడు టోక్యో టీముకు బంతి వేసి పేరు తెచ్చుకున్నాడు. మన దగ్గర అట్లాంటి లీగ్ లేదు. రాజు దయ ఉంటేనే ఆట, ఆయనకు కోపమొస్తే లేదు.

టెస్టులు అయిపోయినా నాయుడు గారు ఆట మానలేదు. ఆయన తయారు చేసిన హోల్కర్ టీము రంజీ ట్రోఫీ 4 సార్లు గెలిచింది. 1945-46 ఫైనల్లో బరోడా మీద 200 కొట్టినప్పుడు ఆయన వయసు 50. ఇంకోసారి బొంబాయి బౌలర్ ఫడ్కర్ బంతి తగిలి పళ్లు విరిగితే, వాటిని పక్కకు తోసి ఆట సాగించారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లో ఆంధ్ర టీము మొదటిసారి రంజీలో దిగింది. దానికి కెప్టెన్ ఎవరనుకున్నారు? 58 ఏళ్ల నాయుడు గారే. తాత గారి ఊరి వైపు వాళ్ల కోసం వచ్చి ఆడారు. 1956లో పద్మభూషణ్ ఇచ్చారు. అప్పటికి కూడా రిటైర్ కాలేదు! 61వ ఏట ఉత్తరప్రదేశ్ తరఫున రాజస్థాన్ మీద 84 పరుగులు చేశారు.

1967 నవంబర్ 14న ఇండోర్‌లో నాయుడు గారు కన్నుమూశారు. 1994 నుంచి క్రికెట్ బోర్డు జీవితకాల సేవకు ఇచ్చే పెద్ద అవార్డు ఆయన పేరు మీదనే ఇస్తున్నారు.