తొలి నిమిషానికి లెక్క కట్టిన డాక్టరమ్మ

సారపాక: కాన్పు ఆసుపత్రిలో జరిగితే బిడ్డ కేసు షీటులో బరువుతో పాటు మరొక అంకె వేస్తారు. ఎక్కువగా ఏడు, ఎనిమిది, తొమ్మిది ఉంటుంది. ఇక్కడి నుంచి గోదావరి వంతెన దాటి భద్రాచలం వెళ్లి పురుడు పోసుకొని వచ్చే తల్లులలో ఆ అంకె ఏమిటని అడిగేవారు తక్కువ. దాని పేరు ఆప్గార్ స్కోరు. ఆప్గార్ అనేది ఒక డాక్టరమ్మ ఇంటిపేరు. పుట్టిన బిడ్డను తొలి నిమిషంలోనే పరీక్షగా చూడాలని ప్రపంచానికి అలవాటు చేసిన వర్జీనియా ఆప్గార్ జీవితం తెలుసుకోదగినది.

రోగాల ఇంట్లో పుట్టి...

ఆమె 1909 జూన్ 7న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో వెస్ట్‌ఫీల్డ్ అనే పట్టణంలో జన్మించారు. తండ్రి చార్లెస్ బీమా సంస్థలో ఉద్యోగి. తీరిక దొరికితే రేడియో పరికరాలతోను, నక్షత్రాలను చూసే దుర్భిణితోను కాలం గడిపేవారు. అన్నలలో ఒకరు క్షయవ్యాధితో చిన్నతనంలోనే కన్నుమూశారు. మరొకరు దీర్ఘరోగి. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల డాక్టరు కావాలని అనుకోవడంలో వింత లేదు.

మౌంట్ హోలియోక్ కళాశాలలో జంతుశాస్త్రం చదివి 1929లో పట్టభద్రులయ్యారు. ఖర్చుల కోసం చిల్లర పనులెన్నో చేశారు. అదే ఏడాది న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో చేరారు. కొద్ది వారాలకే అమెరికా షేర్ల మార్కెట్ కుప్పకూలి దేశమంతటా ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. అప్పులు చేసి చదువు సాగించి, 1933లో తరగతిలో నాలుగవ స్థానంతో డాక్టరు పట్టా పొందారు.

శస్త్రచికిత్స నుంచి మత్తువైద్యానికి

ఆమె కోరిక శస్త్రచికిత్స నిపుణురాలు కావాలని. శిక్షణలో బాగా రాణించారు కూడా. కానీ విభాగాధిపతి అలెన్ విపుల్ ఆమెను మత్తుమందు వైద్యం వైపు మళ్లించారు. మాంద్యం రోజుల్లో మహిళా సర్జన్లకు బతుకుతెరువు దొరకడం కష్టంగా ఉండేది. మత్తు ఇచ్చే పని అప్పట్లో అక్కడ ఎక్కువగా నర్సుల చేతిలో ఉండేది. ఆమె మొహమాటపడకుండా ఆ నర్సుల దగ్గరే పని నేర్చుకున్నారు. తరువాత విస్కాన్సిన్‌లోను, న్యూయార్కు బెల్‌వ్యూ ఆసుపత్రిలోను శిక్షణ పొందారు. 1938లో కొలంబియాకు తిరిగి వచ్చి మత్తువైద్య విభాగానికి బాధ్యురాలయ్యారు.

1949లో ఆ వైద్య కళాశాలలో పూర్తి స్థాయి ప్రొఫెసరు అయిన తొలి మహిళగా ఆమెకు గుర్తింపు వచ్చింది. అయితే కొత్తగా ఏర్పడిన పూర్తి స్థాయి మత్తువైద్య శాఖకు అధిపతి పదవి మాత్రం ఒక పురుషునికి దక్కింది. పదకొండేళ్లు ఆ విభాగాన్ని నిలబెట్టిన మనిషికి అది చిన్న దెబ్బ కాదు. ఆమె ఉద్యోగం విడిచి వెళ్లలేదు. పురిటి గదిని తన కార్యక్షేత్రంగా ఎంచుకున్నారు.

అయిదు చూపులు

ఆ రోజుల్లో కాన్పు కాగానే డాక్టర్ల దృష్టి అంతా తల్లి మీదనే ఉండేది. నీలంగా పుట్టిన బిడ్డను, ఊపిరి అందని బిడ్డను వెంటనే పట్టించుకొనే పద్ధతి సరిగా లేదు. ఆసుపత్రి కాన్పులు పెరిగినా తొలి 24 గంటలలో జరిగే శిశు మరణాలు తగ్గలేదు.

బిడ్డ స్థితిని తేలికగా కొలవడం ఎలాగని ఒక వైద్య విద్యార్థి అడిగినప్పుడు ఆమె అక్కడికక్కడే అయిదు అంశాలు రాసి ఇచ్చారని చెబుతారు. గుండె కొట్టుకోవడం, ఊపిరి, కండరాల బిగువు, తాకినప్పుడు స్పందన, ఒంటి రంగు - ఇవే ఆ అయిదు. ఒక్కొక్కదానికి సున్నా, ఒకటి లేదా రెండు మార్కులు. గుండె నిమిషానికి వందకు పైగా కొట్టుకుంటే రెండు, అంతకంటే తక్కువైతే ఒకటి, అసలు లేకపోతే సున్నా. గట్టిగా ఏడిస్తే ఊపిరికి రెండు. మొత్తం పదికి ఏడు, ఆ పైన వస్తే బిడ్డ క్షేమం. మూడు, అంతకు లోపు వస్తే ప్రమాదం.

ఈ పద్ధతిని 1952లో వైద్యుల సభలో వివరించి, 1953లో ప్రచురించారు. దీనికి యంత్రాలు అక్కరలేదు. బొడ్డుతాడు మొదట్లో వేళ్లు ఆనిస్తే నాడి తెలుస్తుంది. అందుకే ఇది పెద్ద నగరాల నుంచి మారుమూల ఆరోగ్య కేంద్రాల దాకా పాకింది. మార్కు వేయాలంటే బిడ్డను చూడక తప్పదు. చూసినవారు ఊరుకోరు. కిటుకంతా అందులోనే ఉంది.

తన పద్ధతినే మార్చుకున్నారు

స్కోరుతో ఆమె ఆగలేదు. స్టాన్లీ జేమ్స్, డంకన్ హాలడే అనే సహచరులతో కలిసి నవజాత శిశువుల రక్తాన్ని పరీక్షించారు. స్కోరు తక్కువైన బిడ్డల రక్తంలో ప్రాణవాయువు తక్కువగా, ఆమ్లం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. తల్లికి సైక్లోప్రొపేన్ వాయువుతో మత్తు ఇస్తే బిడ్డ మందకొడిగా పుడుతున్నట్లు కూడా బయటపడింది. అది ఆమెకు ఇష్టమైన మత్తు. అయినా కాన్పులలో దాని వాడకం మానేశారు. మొత్తం మీద 17 వేలకు పైగా కాన్పులలో ఆమె పాలుపంచుకున్నారు.

యాభయ్యేళ్ల వయసులో, 1959లో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్య పట్టా తీసుకున్నారు. ఆ తరువాత మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థలో చేరి పుట్టుకతో వచ్చే లోపాల నివారణకు ఊరూరా తిరిగి ప్రచారం చేశారు. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డకు వచ్చే ముప్పును వివరించి, టీకా అవసరాన్ని చాటారు. తీరిక వేళల్లో వయొలిన్ వంటి వాద్యాలను స్వయంగా చేసేవారు. వివాహం చేసుకోలేదు. 1974 ఆగస్టు 7న తాను పనిచేసిన న్యూయార్కు ఆసుపత్రిలోనే కన్నుమూశారు. 1994లో అమెరికా ప్రభుత్వం ఆమె పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

తల్లిదండ్రులు గమనించవలసినది

స్కోరును ఒకటో నిమిషంలోను, అయిదో నిమిషంలోను వేస్తారు. అయిదో నిమిషంలో కూడా ఏడుకు తగ్గితే మళ్లీ మళ్లీ చూస్తారు. ఊపిరి తీయని బిడ్డకు స్కోరు కోసం ఆగకుండా వెంటనే సాయం మొదలుపెట్టాలి. ఇది బిడ్డ తెలివితేటలకు జాతకం కాదు. ఒకటో నిమిషంలో తక్కువ వచ్చిన పిల్లలు చాలామంది అయిదో నిమిషానికే తేరుకుంటారు.

వానాకాలంలో వాగులు పొంగితే మన అటవీ గూడేల నుంచి గర్భిణిని తరలించడం కష్టం. నెలలు నిండగానే ముందుగా ఆసుపత్రికి చేర్చితే ఆ తొలి నిమిషంలో బిడ్డ దగ్గర చూసే మనిషి ఉంటారు. ఆడా, మగా అని అడిగేముందు బిడ్డ ఏడ్చిందా అని అడగండి. స్కోరు ఎంతో తెలుసుకొని ఆ కాగితం భద్రపరచండి. తరువాత బిడ్డకు జబ్బు చేసినప్పుడు డాక్టరుకు అది పనికివస్తుంది.